పట్టా లేని యింటి యిల్లాలు

గోదావరిఖనిలో సింగరేణివారి క్వార్టర్లు ఉద్యోగముతో వచ్చి ఉద్యోగముతోడనే పోవునవి. అవి దొరకనివారిలో అనేకులు పట్టా లేని స్థలములందు ఇండ్లు వేసికొనిరి. ఓపెన్‌కాస్టు గని విస్తరించునపుడు అట్టి యిండ్లును, తరతరముల పల్లెలును లేచిపోవుచున్నవి.

బొగ్గు దేశమునకు వెలుగు గనుక జనులు తొలగవలెననియు, పట్టా లేనివారికి హక్కే లేదనియు కొందరందురు. ముందు ఇల్లు చూపి పిమ్మట కదల్పుడని మరికొందరందురు. ఈ బొగ్గుతో రామగుండపు 2600 మెగావాట్ల విద్యుత్కేంద్రము దూరనగరములను వెలిగించుచుండగా, బొగ్గు త్రవ్వినవాని యిల్లాలికి దీపము పెట్టుకొన గూడు వలదా? మేము రెండవ పక్షమువారము.

చట్టమును ఆ పక్షముననే యున్నది. 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టము, పోయిన యింటికి ఇల్లీయవలె ననుచున్నది. పట్టణమున అది 50 చదరపు మీటర్లకు తగ్గరాదు. సొంత ఇంటిస్థలము లేకున్నను, ప్రకటనకు ముందు మూడేండ్లు ఎడతెగక అచ్చట నివసించిన కుటుంబమునకును ఈ హక్కు కలదు. వితంతువులును, విడాకులు పొందినవారును, కుటుంబము విడనాడిన స్త్రీలును వేరు వేరు కుటుంబములుగానే లెక్కకు వత్తురు.

పట్టణమున ఇంటికి మారుగా సొమ్మును కోరుకొనవచ్చును. కాని సొమ్ము కరగును, ఇల్లు నిలుచును. కావున అధికారులు కుటుంబముల జాబితా వ్రాయునాడు అట్టి ప్రతి స్త్రీయు తన పేరు అడిగి వ్రాయించుకొనవలెను.