ఎనిమిది ఓడినా... వీళ్లే హీరోలు!

పదాటల్లో ఎనిమిది ఓడిన జట్టును ఎవరైనా గుర్తుంచుకుంటారా? అమెరికాలోని హంటింగ్టన్ ఊరు మాత్రం గుండెల్లో పెట్టుకుంది!

1970 నవంబరు 14న అక్కడి మార్షల్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ ఆడి తిరిగొస్తుంటే విమానం కూలిపోయింది. అందులోని 75 మందిలో ఒక్కరూ బతకలేదు. ఇక ఆటే వద్దన్నారు కొందరు. కానీ కొత్త కోచ్ జాక్ లెంగ్యెల్ జట్టు కట్టాడు. అప్పట్లో మొదటి ఏడాది విద్యార్థుల్ని ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారు కాదు. ప్రత్యేక అనుమతితో వాళ్లనే బరిలోకి దించారు. 1971 సెప్టెంబరు 25న సొంత మైదానంలో జేవియర్ జట్టుపై 15-13తో గెలిచారు... అదీ ఆఖరి బంతి అందుకుని!

2006లో వచ్చిన 'వుయ్ ఆర్ మార్షల్' సినిమా కథ ఇదే. ఇప్పటికీ ఏటా నవంబరు 14న క్యాంపస్‌లోని స్మారక ఫౌంటెన్‌ను ఆపేస్తారు. వసంతంలో ఆ నీళ్లు మళ్లీ పైకి లేస్తాయి... అచ్చం ఆ జట్టులాగే!