సర్కారు కొలువులో స్వేచ్ఛావాది

ఎవరి బండి ఎక్కితే వారి పాట పాడవలెనని లోకోక్తి. ప్రభుత్వ వేతనంతో జీవయాత్ర సాగించే వ్యక్తి ప్రభుత్వాధికారానికి ఎల్లలుండవలెనని వాదించినప్పుడు ఈ సామెతనే అతనిమీద విసరడం పరిపాటి. గోదావరి డెల్టా రైతు మాత్రం దీనిని ఏనాడూ ఖాతరు చేయలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచి అతని చేలకు నీరిచ్చేది సర్కారు కాలువే. ఐనా తూము దగ్గర లస్కరుతో తగవు గాని, నీటి తీరువాపై తాశీల్దారుకు అర్జీ గాని ఆగలేదు. తీరువా చెల్లించినవాడు నోరు కూడా తాకట్టు పెట్టనక్కరలేదని అతని లెక్క.

ఈ డెల్టా ముఖద్వారమైన రాజమహేంద్రవరంలోనే 1902 జూలై 15న కోకా సుబ్బారావు గారు జన్మించారు. తండ్రిగారు న్యాయవాది. చదివినది ఆ ఊరి ప్రభుత్వ కళాశాలలో, పిదప మద్రాసు లా కళాశాలలో. బాపట్లలో జిల్లా మునసబుగా కొద్ది నెలలు మాత్రమే పనిచేసి, తిరిగి న్యాయవాద వృత్తి చేపట్టి, బావమరిది పి.వి. రాజమన్నారు గారితో కలిసి పేరు గడించారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి; 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టుకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తి; 1958లో సుప్రీంకోర్టు; 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి. దాదాపు 19 సంవత్సరాలు ఆయన ఇంట వెలిగిన దీపానికి చమురు ఖజానాదే.

ఆ చమురు పోసిన చేయి ఎవరిది? రాజ్యాంగ నిర్మాతలు ఈ చిక్కును ముందే ఊహించారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తికి నెలకు 4,000 రూపాయలు, ప్రధాన న్యాయమూర్తికి 5,000 అని ఆనాడు రాజ్యాంగంలోనే రాసి ఉంచారు. ఈ వ్యయం పార్లమెంటు వోటుకు రాదు. ఆర్థిక అత్యవసర పరిస్థితిలో తప్ప, పదవిలో ఉన్న న్యాయమూర్తి జీతం తగ్గించరాదు. సంచి ప్రభుత్వానిదే గాని సంచి తాడు మంత్రి చేతిలో లేదన్నమాట. న్యాయమూర్తి ఉప్పు తినేది ప్రజలది. ప్రభుత్వం వడ్డనదారు మాత్రమే.

సుబ్బారావు గారు ఈ భేదాన్ని నిండుగా వినియోగించుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై బందిపోటు కేసు సాక్ష్యం లేక వీగిపోయింది. ఐనా పోలీసులు అతని పేరు దస్త్రాలకెక్కించి, అర్ధరాత్రి తలుపు తట్టడం మానలేదు. 1962లో ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు ఆ రాత్రి దర్శనాలను కొట్టివేస్తూనే, ఆంతరంగిక జీవనం ప్రాథమిక హక్కు కాదన్నారు. షా గారితో కలిసి సుబ్బారావు గారు విభేదించారు. నీడవలె వెంటాడే నిఘా ఉన్నచోట దేహం కదలినా మనిషి స్వేచ్ఛగా కదలినట్టు కాదని వారి భావం.

1967 ఫిబ్రవరి 27న వెలువడిన గోలక్‌నాథ్ తీర్పు మరింత ప్రసిద్ధం. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు, ఉన్నదని ఐదుగురు. ఆస్తిపరుల పక్షపాతి అన్న నింద ఆయనకు అప్పుడే స్థిరపడింది. ఆ నింద పూర్తిగా నిరాధారమనలేము. నష్టపరిహారం విషయంలోనూ ఆయన మొగ్గు అటువైపే. కాని ఒక విశేషం మరుగున పడింది. తీర్పు భవిష్యత్తుకే వర్తిస్తుందని ఆయనే నిర్ణయించడంతో పాత భూసంస్కరణలు చెక్కుచెదరలేదు, పంజాబులోని గోలక్‌నాథ్ కుటుంబానికి భూమి దక్కలేదు. సిద్ధాంతం గెలిచింది, వాది ఓడాడు!

ఏప్రిల్ 10న విదేశయానం కూడా వ్యక్తిస్వాతంత్ర్యంలో భాగమేనని, పాస్‌పోర్టు ప్రభుత్వం ఇష్టానుసారం దయచేసేది కాదని మరొక తీర్పు. మరునాడే రాజీనామా. స్వతంత్ర పార్టీ, జనసంఘం మొదలైన ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి, జాకీర్ హుస్సేన్ గారి 4,71,244 వోట్ల విలువకు ఎదురుగా 3,63,971 పొంది ఓడిపోయారు. పదవీ విరమణకు మూడు నెలలకు కొంచెం పైగా మాత్రమే ఉంది. ఆ మూడు నెలలు ఆగి ఉంటే, ఆయన తీర్పులు చదివేవారి మనసులో ఒక అనుమానపు ముల్లు మిగిలేది కాదు. 19 ఏళ్ల జీతం తేలేని మచ్చను ఒక్క ఆహ్వానం తెచ్చిందనిపిస్తుంది.

గోలక్‌నాథ్ సూత్రం 1973లో తొలగిపోయింది. ఆస్తిహక్కు 1978 నాటి 44వ సవరణతో ప్రాథమిక హక్కుల నుంచే వైదొలగింది. అంతకుముందే, అత్యవసర పరిస్థితిలో, 1976 ఏప్రిల్ 28న ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు నిర్బంధితులకు న్యాయస్థానపు గడప తొక్కే హక్కు లేదన్నారు. వారూ అదే నిధినుంచి వేతనం పొందినవారే, కాదన్న హెచ్.ఆర్. ఖన్నా గారూ అంతే. ఆ తర్వాత ఎనిమిదవ నాడు, మే 6న, సుబ్బారావు గారు కన్నుమూశారు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠంతో ఆంతరంగిక జీవనం ప్రాథమిక హక్కేనన్నారు. అదే తీర్పులో 1976 నాటి నిర్ణయాన్నీ, ఖరక్ సింగ్ కేసులో ఆ హక్కును కాదన్న భాగాన్నీ రద్దుచేసి, 1962 నాటి సుబ్బారావు గారి అభిప్రాయమే సరియైనదని ప్రకటించారు.