పసిబిడ్డ తల కొలత



బిడ్డ పుట్టిన యింట నీళ్లుపోయు అవ్వ చేయి మొదట పోవునది బిడ్డ తలమీదికే. నూనె రాచి, తల గుండ్రముగా నుండవలెనని మెల్లగా ఒత్తును. తల కోలగా నున్నచో, నాలుగు నెలలు ఒత్తిన సరిపోవునని తల్లికి ధైర్యము చెప్పును. పెక్కుమంది బిడ్డల విషయమున ఈ మాట నిజమే యగును. కాన్పు వేళ ఒత్తిడికి లోనైన తల కొలది వారములలో తనంత తానే చక్కబడును. కాని అరుదుగా ఒక బిడ్డ విషయమున ఆ మాట తప్పును. అట్టి బిడ్డకు ఆ నాలుగు నెలలే మిక్కిలి విలువైనవి. ఆ బిడ్డను గుర్తించు ఉపాయమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

పసిబిడ్డ కపాలము ఒకే యెముక కాదు. అది కొన్ని పలకల కూర్పు. పలకల నడుమ అతుకు లుండును. లోపల మెదడు పెరుగుకొలది ఈ అతుకుల యొద్ద క్రొత్త యెముక చేరి తల పెద్దదగును. పుట్టినపుడు తల చుట్టుకొలత ఇంచుమించు 34, 35 సెంటీమీటర్లు. మొదటి మూడు నెలలలో నెలకు రెండేసి, తరువాతి మూడు నెలలలో నెలకు ఒక్కొక్కటి, పిమ్మట ఆరు నెలలలో నెలకు అర సెంటీమీటరు చొప్పున పెరిగి, ఏడాది నిండునప్పటికి 46 సెంటీమీటర్ల దరికి వచ్చును. తల ఇంత వేగముగా పెరుగు కాలము మరల రాదు.

సుమారు 2,000 నుండి 2,500 మంది బిడ్డలలో ఒకరికి ఈ అతుకులలో ఏదో యొకటి కాలము రాకమునుపే మూసికొనిపోవును. లేత సొరకాయకు నడుమ త్రాడు బిగించినచో అది లావెక్కలేక పొడవునకు సాగుట మీరెఱుగుదురు. తల కూడ అట్లే. మూసికొనిన అతుకునకు అడ్డముగా పెరుగలేక, తక్కిన వైపులకు సాగును. ఈ సూత్రమును జర్మనీ దేశపు వైద్యుడు విర్కో 1851వ సంవత్సరమున వివరించెను. నడినెత్తిమీద ముందునుండి వెనుకకు పోవు అతుకు మూసికొనిన తల పడవవలె సన్నగా, పొడవుగా నగును. నుదుటి నడిమి అతుకు మరీ ముందుగా మూసికొనిన నుదురు ముక్కోణాకారము దాల్చును. ఒకటికి మించిన అతుకులు మూసికొనినచో లోపల ఒత్తిడి పెరిగి, చూపు మందగించుట, బుద్ధి వికాసము కుంటుపడుట సంభవింపవచ్చును.

కొలత ఎట్లు తీయవలెను? సాగని నాడాను కనుబొమల పైనుండి, చెవుల పైగా, వెనుక మిక్కిలి ఉబ్బిన చోటు మీదుగా చుట్టి, మూడు మారులు కొలిచి, అందు పెద్ద కొలతను తేదీతో వ్రాయవలెను. ఒకనాటి కొలత చెప్పునది స్వల్పము. నెల నెలా వ్రాసిన కొలతలే బిడ్డ కథను చెప్పును. పెరుగుదల ఆగినను చూడవలసినదే. ఉన్నట్టుండి అతిగా పెరిగినను, తలలో నీరు చేరినదేమో చూడవలసినదే.

అయినను నాడా ఒక్కటే చాలదు. ఒక బిడ్డ తల పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 12 అనుకొనుడు. వేరొక బిడ్డకు పొడవు 16, వెడల్పు 11. ఇద్దరి చుట్టుకొలతయు ఇంచుమించు ఒక్కటియే. కాని వెడల్పును నూటితో హెచ్చించి పొడవుతో భాగించినచో మొదటి బిడ్డకు 80, రెండవ బిడ్డకు సుమారు 69 వచ్చును. సాధారణముగా ఈ సంఖ్య 75, 85 నడుమ నుండును. రెండవ బిడ్డను వైద్యుడు చూడవలయును.

ఈ లెక్క మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. అరకు లోయ చేరియుండిన నాటి మద్రాసు రాజధానిలో మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ జనుల తలల పొడవు వెడల్పులు కొలిచి, కులములను, తెగలను గూర్చిన తన ఏడు సంపుటముల గ్రంథమున 1909లో ప్రకటించెను. తల ఆకారమునుబట్టి జనుల ఎక్కువ తక్కువలు తేల్చవచ్చునను ఆ కాలపు తలంపును నేటి శాస్త్రము త్రోసివేసినది. కావున కొలత యనగానే కొండవారు సందేహించినచో తప్పు పట్టరాదు. ఇపుడు పోల్చునది ఒక తెగను మరియొక తెగతో కాదు. ఒక బిడ్డను గడచిన నెలనాటి ఆ బిడ్డతోనే. ఈ సంగతి తల్లికి ముందుగా చెప్పి, పిమ్మట నాడా తీయుట మర్యాద.

అవ్వలకు మూడు మాటలు మనవి చేయుదును. మాడు మెత్తగా నున్నంత మాత్రమున అతుకులన్నియు తెఱచియున్నవని తలంపరాదు. మూసికొనిన అతుకు ఒత్తుడువలన తెఱచుకొనదు. దానిపై గట్టి గట్టువలె వేలికి తగులవచ్చును. ఎల్లప్పుడు ఒకే ప్రక్కకు తిప్పి పరుండబెట్టుటచే చదునైన తల వేరు. అది ప్రక్క మార్చి పరుండబెట్టిన చాలవరకు సర్దుకొనును. ఇక గ్రహణమునకును, తల్లి నడవడికిని ఈ వ్యాధితో సంబంధము లేదు. ఆ తల్లిని నిందింపకుడు.

దీనికి శస్త్రచికిత్స కలదు. సాధారణముగా మొదటి యేడాదిలోనే చేయుదురు. మూడు నాలుగు నెలలలోపు కనిపెట్టినచో చిన్న కోతతో సరిపోవు అవకాశమున్నది. చికిత్స పిమ్మటను కొన్ని యేండ్లు కొలతలు మానరాదు, ఏలయనగా అతుకు మరల మూసికొనవచ్చును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుకతో వచ్చు లోపములకై బిడ్డలను ఉచితముగా పరీక్షింతురు. విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రి యున్నది. అరకునుండి నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము, రోడ్డు లేని గూడెమునకు డోలీ మోత — ఈ కష్టము నేనెఱుగనిది కాదు. అందుచేతనే ముందుగా కొలిచి, పోవలసిన బిడ్డనే, పోవలసిన వేళకు పంపుట మేలు.

టీకాలు వేయు దినమున నర్సమ్మను అడిగి, బిడ్డ తల కొలిపించి, తల్లీబిడ్డల కార్డు మూలను వ్రాయించుడు. కొలుచుటకు పట్టునది రెండు నిమిషములు. ఊరి పెద్దలు ఒక్క మాట చెప్పిన, ఏ తల్లియు కాదనదు.

సెలవు.