చట్టం చెప్పడానికి వాడకెళ్లిన ఆఫీసరు

వెట్టిచాకిరిని రద్దు చేస్తూ కేంద్రం 1975 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. మరుసటి ఏడు అది చట్టమైంది. బాకీ తీరేదాకా ఆసామి ఇంట్లో పడి ఉండాల్సిన పాలేరుకు ఆ రోజుతో విముక్తి. బాకీ కూడా చెల్లు. చిక్కల్లా ఒక్కటే. ఆ సంగతి పాలేరుకు తెలియదు. తెలిసిన ఆసామి చెప్పడు. చెప్పాల్సిన ఆఫీసరు ఊరికొస్తే భోజనం చేసేది ఆసామి ఇంట్లోనే.

ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖ బాధ్యత ఎస్.ఆర్. శంకరన్ చూసేవారు. 1934లో పుట్టిన తమిళుడు. 1957 బ్యాచ్ ఐఏఎస్. ఆయన చేసింది వినడానికి చిన్న పనే: ఊళ్లకు వెళ్లి, దళితవాడల్లో కూర్చుని, మీ బాకీ రద్దయింది, ఇక మిమ్మల్ని ఎవరూ కట్టిపడేయలేరని చెప్పడం. కింది అధికారుల చేతా అదే చెప్పించడం.

ఈ చట్టంలో 15వ సెక్షన్ ఒకటుంది. మామూలుగా బాకీ తగాదాలో కాగితం చేతిలో ఉన్నవాడిదే పైచేయి. ఈ సెక్షన్ దాన్ని తిరగేసింది. ఇది వెట్టి బాకీ అని కూలీ చెబితే, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడి మీదే పడుతుంది. అమలు చూడాల్సింది జిల్లా కలెక్టరు. వేలిముద్ర వేయడం తప్ప మరేమీ తెలియని మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసిన సెక్షన్ ఇది. ఎదుటివాడి కష్టానికి కరిగిపోయే ఆఫీసరు కంటే, ఈ సెక్షన్ నోటికొచ్చిన ఆఫీసరు ఆ కూలీకి ఎక్కువ అక్కరకొస్తాడు.

వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో మాత్రం ఈ ముక్క వినబడదు. చిరునవ్వు, కరచాలనం, పేరు పెట్టి పలకరించడం... అక్కడ మానవత్వం పాఠం దాదాపు అక్కడితో సరి. మర్యాద చెడ్డదేం కాదు. కానీ రేషన్ షాపులో అరిగిన వేళ్ల ముద్ర పడక నిలబడిపోయిన ముసలమ్మకు కావాల్సింది డీలరు చిరునవ్వా? కంటిపాప స్కానింగుతోనో, ఫోనుకొచ్చే ఓటీపీతోనో ఇచ్చే వీలుంటే ఆ దారి చూపించడం. దానికి రూలు తెలిసి ఉండాలి, వెనక క్యూ గొణుగుతున్నా ఓ నిమిషం ఆగాలి.

శంకరన్ పద్ధతి పైవాళ్లకు రుచించలేదు. పేదలను రెచ్చగొడుతున్నారన్న మాట పడ్డారు. ఆయన రాష్ట్రం విడిచి త్రిపురకు ప్రధాన కార్యదర్శిగా వెళ్లారు. అక్కడి ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తీ ఈయనలాగే బ్రహ్మచారి, ఒక రేకుపెట్టెతో బతికిన మనిషి. ఇద్దరికీ జోడీ కుదిరింది. శంకరన్ జీతంలో చాలా భాగం పేద పిల్లల చదువులకే పోయేది. (అందరూ అలా బతకాలని ఎవరూ అడగరు. పెళ్లాం బిడ్డలున్న ఉద్యోగికి అది సాధ్యమూ కాదు. అనుకరించదగింది ఆయన సన్యాసం కాదు, ఆఫీసు పని చేసిన తీరు.)

అసలు పరీక్ష ఆయన ఆంధ్రప్రదేశ్‌కు తిరిగొచ్చాక, 1987 డిసెంబరు చివర్లో ఎదురైంది. తూర్పుగోదావరి ఏజెన్సీలో గిరిజన గ్రామాల పర్యటనకు వెళ్లిన శంకరన్‌నూ, తోటి ఐఏఎస్ అధికారులనూ గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించారు. జైల్లో ఉన్న తమవాళ్లను ప్రభుత్వం వదిలాకే వీళ్లను విడిచిపెట్టారు. అంత జరిగాక ఎవరికైనా కక్ష మిగలడం సహజం. ఆయన మాత్రం 1997లో పౌర స్పందన వేదికకు సారథి అయ్యారు. అటు పోలీసు ఎన్‌కౌంటర్లనూ ఇటు నక్సలైట్ల హత్యలనూ ఒకే నోటితో తప్పుపట్టిన వేదిక అది. 2004లో హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగాయంటే, దాని వెనుక ఈ బృందం ఏళ్ల తరబడి పడిన శ్రమ ఉంది. చర్చలు విఫలమయ్యాయి. శ్రమ వృథా అయిందని కొట్టిపారేయడం మాత్రం తొందరపాటే.

1992లో రిటైరయ్యాక ఆయన పని తగ్గలేదు. ఆహార హక్కు కేసులో తన ఆదేశాల అమలును చూడటానికి 2002లో సుప్రీంకోర్టు నియమించిన ఇద్దరు కమిషనర్లలో ఆయనొకరు. మనిషి మలాన్ని మనిషి చేత్తో ఎత్తే పాకీ పనిని అంతం చేయడానికి బెజవాడ విల్సన్‌తో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిలబెట్టారు. విల్సన్ కోలారు బంగారు గనుల ఊళ్లో, ఆ పనే చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. 2005లో ప్రకటించిన పద్మభూషణ్‌ను శంకరన్ వద్దన్నారు. 2010 అక్టోబరులో హైదరాబాదులో కన్నుమూశారు.

పాకీ పనిని 1993లోనే చట్టం నిషేధించింది. అదీ వెట్టి చట్టం లాగే కాగితంలో మిగిలిపోతే, ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకెక్కింది. 2014 మార్చిలో తీర్పొచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో దిగి చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షల రూపాయలు ఇవ్వాలన్నారు. 2023లో కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. మ్యాన్‌హోల్లో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు మునిసిపల్ ఆఫీసుకు వచ్చేది చాలాసార్లు మరణ ధ్రువపత్రం కోసమే. ఇలాంటి తీర్పొకటి ఉందని ఆమెకు చెప్పగలిగే మొదటి మనిషి, ఆ పత్రం మీద ముద్ర వేసే గుమాస్తా.