నోరులేని సాక్షి

నేరపరిశోధక నవలల్లో ‘కోజీ మిస్టరీ’ ఒక శాఖ. ఊరు చిన్నది, హత్య తెరవెనుక జరుగుతుంది, పరిశోధించేది పోలీసు కాదు, ఓ సామాన్య పౌరుడు. ఈ శాఖలో పిల్లికి స్థిరమైన చోటు కల్పించిన రచయిత్రి అమెరికాకు చెందిన లిలియన్ జాక్సన్ బ్రాన్.

ఆమె పెంచుకున్న సయామీ పిల్లి పదో అంతస్తు నుంచి పడి చనిపోయింది. ఎవరో తోసేశారన్న ఇరుగుపొరుగుల అనుమానం అనుమానంగానే మిగిలింది. 1962లో వెలువడిన ఆమె కథలో, బిడ్డను పోగొట్టుకున్న తల్లిపిల్లి ప్రతీకారం తీర్చుకుంటుంది. 1966లో తొలి నవల వచ్చింది. మూడు నవలల తర్వాత దీర్ఘ విరామం. 1986లో తిరిగి మొదలైన ఆ వరుస 29 నవలల దాకా సాగింది.

వీటిలో పరిశోధకుడు క్విలరన్ అనే పత్రికా విలేకరి. అతని పిల్లి కోకో మాట్లాడదు. అరలోంచి ఒక పుస్తకాన్ని కిందికి తోస్తుంది, అంతే. అది ఆధారమా, యాదృచ్ఛికమా అన్నది రచయిత్రి తేల్చదు. అర్థం వెతుక్కోవలసింది మనిషే. రీటా మే బ్రౌన్ 1990లో ప్రారంభించిన నవలల్లో జంతువులు తమలో తాము మాట్లాడుకుంటాయి. ఆ మాటలు మనుషులకు మాత్రం అర్థం కావు.

రెండు పద్ధతుల్లోనూ ఉన్న చిక్కు ఒకటే: చూసిన ప్రాణికి చెప్పే నోరు లేదు. ఇవి కాలక్షేపపు నవలలే కావచ్చు. కాని జవాబు దొరకని ఒక మరణం నుంచి పుట్టిన ఈ కథల్లో ప్రతిసారీ జవాబు దొరుకుతుంది. పాఠకులు వాటిని మళ్ళీ మళ్ళీ ఆశ్రయించడానికి కారణం బహుశా అదే.