450కి కొన్న కాఫీ 994 ఎలా అయింది? చిన్న కాఫీ వ్యాపారంలో అసలు లెక్క



పై వీడియోలో కాఫీ గింజ వేపడం, పొడి పట్టడం చూపించాను. అవి చూసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. "మన కొబ్బరి తోటలో కాఫీ వేయొచ్చా అండి?" "కాఫీ పొడి అమ్మితే నెలకి ఎంత మిగులుద్ది?" మొదటిదానికి జవాబు చిన్నది. రెండోదానికి పెద్దది, కొంచెం చేదుగా కూడా ఉంటుంది. లెక్కలు నోటితో చెబితే ఎవరికీ గుర్తుండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఒక కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని చదవండి.

ముందు తోట సంగతి

మన కోనసీమలో అరబికా రాదు. దానికి ఎత్తు, చల్లదనం, చెట్ల నీడ మూడూ కావాలి. పాడేరు, చింతపల్లి, అరకు కొండలు 3,000 అడుగుల ఎత్తున ఉండబట్టి అక్కడ మిరియం పాదుల మధ్య, సిల్వర్ ఓక్ నీడలో పండుతోంది. మనది సముద్రం పక్కన డెల్టా నేల. కొబ్బరి కింద మనకి కోకో ఉంది, అరటి ఉంది, కంద ఉంది. అవి చాలు.

అలాగని కాఫీ మన ఉమ్మడి తూర్పు గోదావరికి కొత్తదేమీ కాదు. 1898లో బ్రోడీ అనే ఇంగ్లీషు అధికారి పాములేరు లోయలో నాటించినదే ఈ ప్రాంతంలో తొలి కాఫీ అని చెబుతారు. కాకపోతే అది మారేడుమిల్లి అడవుల వైపు, కొండల్లో. మన లంకల్లో కాదు.

కాబట్టి నేను కాఫీ రైతుని కాదు. కొబ్బరి, కోకో రైతుని. పాడేరు వైపు ఊళ్లలో మందులు కొట్టని గిరిజన రైతుల దగ్గర పార్చ్‌మెంట్ కొని, ఇక్కడ అమలాపురం దగ్గర వేపి, పొడి చేసి అమ్ముతాను. ఇక లెక్కలోకి వద్దాం.

తరుగు దగ్గరే సగం కథ

పార్చ్‌మెంట్ అంటే పండు తొక్క తీసి, కడిగి, ఆరబెట్టిన గింజ. పైన ఇంకా పలచటి పెంకు ఉంటుంది. ధర ఏటా మారుతుంది కాబట్టి ఇక్కడ నేను కొన్న ధర కిలో 450 వేస్తున్నాను. మీరు కొన్న రోజు ధర మీరు వేసుకోండి.

100 కిలోల పార్చ్‌మెంట్ కొన్నాం. 45,000 రూపాయలు. కొండ మీద నుంచి ఇక్కడికి రవాణా 2,000. పెంకు తీయించడం, ఏరించడం 1,000. మొత్తం 48,000.

పెంకు పోతే 100 కిలోలు 80 అవుతుంది. నల్ల గింజలు, విరిగినవి ఏరేస్తే 78. వేపితే ఇంకో 17 శాతం దాకా పోతుంది. చేతికి వచ్చేది 65 కిలోలు.

48,000ని 65తో భాగించండి. కిలో 738 రూపాయలు. పొయ్యి ఖర్చు, ప్యాకెట్ ఖర్చు ఇంకా పడనే లేదు. మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇక్కడే. 450కి కొన్నాను, వెయ్యికి అమ్మినా రెట్టింపు కదా అనుకున్నాను. కొబ్బరిలో తరుగు ఎంతో చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి, కాఫీకి వచ్చేసరికి మర్చిపోయాను.

ఇప్పుడు మిగతా ఖర్చులు, కిలోకి:

గ్యాస్, కరెంటు 25
పావుకిలో ప్యాకెట్లు నాలుగు, లేబుళ్లతో 64
వేపడం, ప్యాకింగ్ కూలి 60
శాంపిల్స్, పొడి పట్టేటప్పుడు పోయేది 22
కొరియర్, డెలివరీ 50

మొత్తం 221. 738కి కలిపితే 959.

పెట్టుబడి మీద వడ్డీ

ఇంకొకటి ఉంది, చాలామంది వేయరు. కాఫీ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. నవంబరులో పండ్లు కోత మొదలైతే ఫిబ్రవరికల్లా సరుకు అయిపోతుంది. ఏడాది పొడుగునా అమ్మాలంటే అప్పుడే కొని పెట్టుకోవాలి. నెలకి 100 కిలోల చొప్పున 1,200 కిలోలు, అంటే 5,40,000 రూపాయలు ఒకేసారి కావాలి. నేను మా ఆవిడ బంగారం బ్యాంకులో పెట్టి తెచ్చాను. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకోండి. సరుకు నెలనెలా తగ్గుతుంది కాబట్టి సగటున సగం మీదే వేద్దాం. 27,000 వడ్డీ. అమ్మేది 780 కిలోలు. కిలోకి 35.

959, 35 కలిపితే 994. నా గుమ్మం దాటేలోగా కిలో పొడికి అసలు ఖర్చు ఇది.

ధర సంగతి కూడా మన చేతిలో ఉండదు. బ్రెజిల్‌లో మంచు పడినా, వియత్నాంలో ఎండ కాసినా మన దగ్గర పార్చ్‌మెంట్ ధర కదులుతుంది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా పౌను 4 డాలర్లు దాటింది. కొండ మీద రైతుకి మంచిదే. మనం అమ్మే ప్యాకెట్ ధర మాత్రం అదే నెలలో పెంచలేం, కొనేవాళ్లు ఊరుకోరు.

ఎక్కడ అమ్మామన్నదే లాభం

పావుకిలో ప్యాకెట్ 340కి పెట్టాను. కిలో 1,360. ఇందులో 5 శాతం జీఎస్టీ తీస్తే మనకి 1,295. నేరుగా ఇంటికి అమ్మితే 1,295లో 994 పోగా 301 మిగులుతుంది.

కొట్టుకి వేస్తే? కొట్టువాళ్లకి 20 శాతం వదలాలి. అంటే 1,088కి ఇస్తాం. జీఎస్టీ తీస్తే 1,036. మిగిలేది 42 రూపాయలు. అదీ అరువు. నెల తర్వాత, ఒక్కోసారి మూడు నెలల తర్వాత. పక్కన చికోరీ కలిపిన పొడి నా ధరలో సగానికే ఉంటుంది. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలని నిబంధన. మిగతా 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు. తప్పు కాదు, ప్యాకెట్ మీద రాయాలంతే. కానీ ఆ ధరతో అచ్చం అరబికా పోటీ పడలేదు.

నెలకి 65 కిలోలు అమ్మేవాణ్ణి. 25 నేరుగా, 40 తొమ్మిది కొట్లకి. 25 కిలోల మీద 7,525. 40 కిలోల మీద 1,680. కలిపి 9,205. గది అద్దె 4,000, మెషీన్ వాయిదా 6,500, అకౌంట్స్ చూసేవారికి, ఫోన్లకి 1,500. మొత్తం 12,000.

నెలకి 2,795 నష్టం. నా జీతం సున్నా. మా ఆవిడ లేబుళ్లు అంటించిన రాత్రులకి కూడా సున్నా.

ఇది రెండేళ్లు నాకు తెలియలేదు. ఎందుకంటే గల్లా పెట్టెలో డబ్బు ఎప్పుడూ తిరుగుతూనే ఉంది. కొట్లవాళ్ల దగ్గర బాకీ వసూలైన రోజు లాభం వచ్చినట్టే ఉండేది. ఒకసారి దింపు డబ్బులు రాగానే బ్యాంకుకి వెళ్లి బంగారం వడ్డీ కట్టి వచ్చాను. ఆ రాత్రి మా ఆవిడ అడిగింది: "ఏవండీ, కాఫీ మనల్ని పోషిస్తోందా, కొబ్బరి చెట్లు కాఫీని పోషిస్తున్నాయా?"

డిప్లొమాలో సాగు ఖర్చు లెక్క నేర్పినప్పుడు ఇంట్లోవాళ్ల కూలి కూడా పద్దు రాయాలని చెప్పారు. పరీక్షలో రాశాను. ఇంట్లో రాయలేదు.

తేమ చేసిన పని

వరి, కొబ్బరి నిల్వ చేసినట్టే కాఫీ కూడా ఉంటుందనుకున్నాను. అదనంగా కొన్న రెండు బస్తాలు కొబ్బరి షెడ్డులో, నేల మీదే పెట్టాను. పార్చ్‌మెంట్ తేమ 10, 11 శాతం దగ్గర ఉండాలి. మన గాలి సంగతి మీకు తెలుసు, వర్షాకాలంలో ఉప్పు డబ్బాలోనే నీరు కారుతుంది. ఆగస్టులో బస్తా విప్పితే గింజ తెల్లగా ఉబ్బి ఉంది, బూజు వాసన. మలబార్ తీరంలో కావాలనే వర్షాకాలపు గాలికి ఉంచి మాన్సూన్డ్ మలబార్ అని అమ్ముతారు. అదొక పద్ధతి. నాది బూజు పట్టడం. 45,000 పోయింది. తప్పు నాదే.

ఇప్పుడు చెక్క బల్లల మీద, గోడకి అడుగు దూరంలో, లోపల ప్లాస్టిక్ లైనర్ ఉన్న సంచుల్లో పెడుతున్నాను. తేమ కొలిచే మీటరు కొన్నాను. అది ముందే కొని ఉండాల్సింది.

కాగితాల పని

ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మకండి. జీఎస్టీ విషయంలో చాలామంది పొరపాటు పడుతున్నారు. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాది టర్నోవర్ 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నిజమే. కానీ హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం. అక్కడున్న మన చుట్టాలకి వ్యాపారంగా అమ్మితే అది అంతర్రాష్ట్ర అమ్మకం, టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

"సేంద్రియం" అని రాయడం కూడా మన ఇష్టం కాదు. కొండ మీద రైతు మందు కొట్టకపోవచ్చు, అది నేను కళ్లారా చూసి ఉండొచ్చు. అయినా నాలా కొని ప్యాక్ చేసేవాళ్లకి ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్-ఇండియా గానీ సర్టిఫికెట్ ఉన్న సరుకైతేనే ఆ మాట వాడాలి. అరకు వ్యాలీ అరబికాకి 2019లో జీఐ వచ్చింది, ఆ పేరు వాడటానికీ నమోదు ఉంటుంది. నేను ప్యాకెట్ మీద ఊరి పేరు, కోత నెల, వేపిన తేదీ రాస్తాను. అంతే.

పీఎంఎఫ్ఎంఈ పథకంలో మెషీన్లకి 35 శాతం సబ్సిడీ ఉంది. మంచిదే. కానీ అది ముందుగా చేతికి వచ్చే డబ్బు కాదు, లోనుకి ముడిపడి ఉంటుంది. వాయిదాలు మీరు కడుతూ ఉండాలి. సబ్సిడీ వస్తుందని అవసరం కంటే పెద్ద మెషీన్ కొనొద్దు.

కొండ మీద విన్న మాట

నష్టం అర్థమయ్యాక నాకు తోచిన మొదటి ఉపాయం ఏంటో దాచకుండా చెబుతాను. కొనే ధర తగ్గిద్దామనుకున్నాను. తర్వాతి సీజన్‌లో పాడేరు వైపు వెళ్లి, ఎప్పుడూ కొనే పెద్దాయనతో కిలోకి 40 తగ్గించమన్నాను, సగం డబ్బు ఇప్పుడు, సగం ఆర్నెల్ల తర్వాత అన్నాను.

ఆయన గింజలు తిరగేస్తూనే అడిగారు. "బాబూ, మీ ఊళ్లో కొబ్బరికాయ రేటు ఎవరు చెబుతారు?"

"వ్యాపారులండి."

"మీకెలా ఉంటుంది?"

అంబాజీపేట మార్కెట్లో రేటు పడిపోయిందని వ్యాపారి ఫోన్ చేసిన ప్రతిసారీ మా నాన్నగారు అరుగు మీద కూర్చుని తిట్టే తిట్లు గుర్తొచ్చాయి. ఇక్కడ కాయ కొనేవాడి మీద మనకి ఎంత కోపమో, అక్కడ నేను అదే మనిషినయ్యాను. పైగా వాళ్ల కష్టాలు వాళ్లకున్నాయి. 2025లో అరకు ప్రాంతంలో కొన్ని తోటల్లో కాయ తొలుచు పురుగు కనపడితే, కాయలన్నీ కోసి వేడినీళ్లలో ముంచి పాతిపెట్టాల్సి వచ్చింది. ఆ రోజు పాత ధరకే కొని, డబ్బు మొత్తం ఇచ్చి వచ్చాను. నా నష్టాన్ని నా దగ్గరే సరిచేసుకోవాలి.

ఏం మార్చాను

కొట్లు తొమ్మిది నుంచి రెండుకి తగ్గించాను. ఆ రెండూ డబ్బులిచ్చి తీసుకెళతాయి.

అద్దె గది వదిలేసి ఇంటి షెడ్డులోకి మార్చాను. వేపడం, ప్యాకింగ్ మేమే.

ముందు ఆర్డరు, ముందు డబ్బు. శనివారం వేపి సోమవారం పంపుతాను. నెలనెలా తీసుకునే ఇళ్ల జాబితా వాట్సాప్‌లో ఉంది.

ధర 340 నుంచి 380 చేశాను. భయపడ్డాను గానీ, నేరుగా కొనేవాళ్లలో మానేసింది కొద్దిమందే. వేపిన తేదీ చూసి కొనేవాళ్లు 40 రూపాయలకి మానరు.

ఇప్పుడు నెలకి 45 కిలోలే. 35 నేరుగా, 10 కొట్లకి. పావుకిలో 380 అంటే కిలో 1,520, జీఎస్టీ పోగా 1,448. నేరుగా అమ్మితే 454, కొట్టు మీద 164 మిగులుతుంది. మొత్తం 17,530. మెషీన్ వాయిదా, అకౌంట్స్ 8,000 పోతే 9,530. కూలి మేమే చేస్తున్నాం కాబట్టి కిలోకి 60 చొప్పున 2,700 కూడా ఇంట్లోనే. అంటే 12,230.

20 కిలోలు తక్కువ అమ్మి నష్టంలోంచి బయటపడ్డాను. కానీ గమనించండి, ఇద్దరం పనిచేస్తే నెలకి 12 వేలు. ఇది కొబ్బరి తోట పక్కన ఒక ఆదాయమే, కొబ్బరి తోట అమ్మి పెట్టే వ్యాపారం కాదు. అరకు కాఫీ ప్యారిస్‌లో కొట్టు పెట్టిందని చదివి మనమూ పెట్టేద్దాం అనుకునేవాళ్లకి ఒక మాట. దాని వెనక వేల మంది రైతుల సంఘం, ఏళ్ల తరబడి పెట్టుబడి ఉన్నాయి.

మొదలుపెట్టాలనుకుంటే

మెషీన్ కొనకండి. ముందు 10 కిలోలు వేరేవాళ్ల దగ్గర వేయించి, 40 ఇళ్లకి పావుకిలో చొప్పున డబ్బు తీసుకునే అమ్మండి. ఉచితంగా పంచకండి. నెల తర్వాత అందులో ఎంతమంది మళ్లీ అడిగారో లెక్కపెట్టండి. సగం మంది కూడా అడగకపోతే ఆపేయండి, పోయింది కొద్దే. అడిగితే అప్పుడు పైన రాసిన పద్దులన్నీ మీ ధరలతో వేసుకోండి. తరుగు, వడ్డీ, మీ ఇద్దరి కూలి మూడూ వేశాక కూడా మిగిలితేనే బ్యాంకు గుమ్మం ఎక్కండి.

మా ఆవిడ బంగారం ఇంకా పూర్తిగా ఇంటికి రాలేదు. వచ్చే రెండు దింపులకి, ఈ కాఫీ డబ్బుకి కలిపి తెచ్చేస్తానని మాటిచ్చాను. ఆ పద్దు కూడా రాస్తున్నాను.