ఏడుగురిని మోయు యంత్రము

మూడు వరుసల ఆసనములు గల పెద్దబండిని కొనదలచిన గృహస్థునకు రంగును గూర్చియు, హంగులను గూర్చియు కలుగు సందేహములు ఒక్కపూటలో తీరిపోవును. డీజిలా, పెట్రోలా అను సందేహము మాత్రము ఇంటిల్లిపాదిని వారముల తరబడి చర్చలో ముంచును. దానికి సమాధానము అశ్వశక్తుల పట్టికలో కంటె ఆ యంత్రముల పుట్టుపూర్వోత్తరములలోనే చక్కగా కానవచ్చునని నా నమ్మకము. నిదర్శనమునకు, 2021లో మహీంద్రావారు వెలువరించిన ఎక్స్‌యూవీ 700ను గైకొందము. దీనిలో పెట్రోలు యంత్రము 1997 ఘన సెంటీమీటర్లది, శక్తి 200. డీజిలు యంత్రము 2198 ఘన సెంటీమీటర్లది, హెచ్చురకములలో శక్తి 185.

ఆ సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పుతో ఈ రంగమున కాలుమోపెను. ఆనాటి జీపులు పెట్రోలు త్రాగునవే. గతుకుల బాటలపై పదిమందిని ఎక్కించుకొని తిరుగు బండికి చమురు ఖర్చే ప్రధానమగుటచే, పిమ్మట ఫ్రాన్సు దేశపు ప్యూజో నమూనా డీజిలు యంత్రములు వానిలో చేరినవి. కాయకష్టమునకు వెనుదీయనివే యైనను, రొదకును పొగకును అవి పేరుమోసినవి. ఆస్ట్రియా దేశపు ఏవీఎల్ సంస్థ తోడ్పాటుతో రూపొంది, 2008లో స్కార్పియోలో ప్రవేశించిన 2179 ఘన సెంటీమీటర్ల ఎంహాక్ యంత్రముతో ఆ అపఖ్యాతి చాలవరకు తొలగినది. నాడు దాని శక్తి 120. 2011లో ఎక్స్‌యూవీ 500 నాటికి 140. నేటి వారసునిది 185. పొట్ట అంతగా పెరుగకయే బలము సగమునకు పైగా పెరిగిన ఈ వైనము గాలిని కూరి నింపు టర్బోలోను, ఇంధనమును చిమ్ము విద్యలోను కలిగిన ప్రగతికి ఫలము.

గాలిని మిక్కిలిగా అదిమినచో అది కాగి, అందు చిమ్మిన చమురు నిప్పురవ్వ లేకయే అంటుకొనునని 1897లో ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిల్ తన యంత్రముతో నిరూపించెను. అయితే పాతయంత్రములలో చమురంతయు ఒక్కుమ్మడిగా మండుటచే, లోహమును సుత్తితో మోదినట్టి ఆ టకటక ధ్వని తప్పెడిది కాదు. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో ప్రయాణికుల బండ్లలోనికి వచ్చిన కామన్ రైల్ పద్ధతిలో, వాతావరణ పీడనమునకు వేయిరెట్లు మించిన ఒత్తిడితో చమురు ఒక ఉక్కుగొట్టమున ఎల్లవేళల సిద్ధముగా నుండును. మిల్లీమీటరులో పదవవంతు మాత్రముండు రంధ్రములనుండి, విద్యుదాజ్ఞ ననుసరించి, ముందుగా ఒక్క చిరుతుంపర, వెంటనే అసలు ధార, అవసరమైనచో మరొక తుంపర, అన్నియు కనురెప్పపాటులో ముగియును. ముందరి తుంపర మంటకు రంగము సిద్ధపరచును గనుక మోత అణగిపోవును. ఇంత సూక్ష్మమైన పని మన యింటి ముంగిట నిలుచు బండిలో నిమిషమునకు వేలమార్లు జరుగుచున్నదన్న తలంపు నాకెన్నడును పాతబడలేదు.

పెట్రోలు యంత్రము ఈ విద్యలను పరుల యింటినుండి తెచ్చుకొన్నది. ఎక్స్‌యూవీ 700లోని ఎంస్టాలియన్ యంత్రమునకు టర్బోయు, సిలిండరులోనికే సూటిగా చిమ్ము ఏర్పాటును కలవు. రెండును డీజిలు వంశపు సొత్తులే. అందుచేతనే అది నిమిషమునకు 1750 చుట్లకే 380 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అనగా త్రిప్పుబలమును, ఈయగలుగుచున్నది. గేర్లు తామై మారు డీజిలు రకము అదే వేగమున 450 ఇచ్చును. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్‌లో ఏడుగురితో, సామానుతో మలుపు తిరుగుచుండగా బండి వేగము తగ్గి యంత్రము నీరసించు క్షణమున అక్కరకు వచ్చునది ఈ టార్కే గాని, గరిష్ఠమైన అశ్వశక్తి కాదు. ఆ 70 న్యూటన్ మీటర్ల తేడా అచ్చట తెలియును. చమురు పొదుపులోను డీజిలుదే పైచేయి.

అట్లని డీజిలుకు చిక్కులు లేకపోలేదు. ఢిల్లీ గాలి విషతుల్యమగుటచే, 2000 ఘన సెంటీమీటర్లును అంతకు మించియు గల డీజిలు కార్ల నమోదును ఆ పరిసరములలో సుప్రీంకోర్టు 2015 డిసెంబరున నిలిపివేసెను. మరుసటి నెలకే మహీంద్రావారు ఎంహాక్‌ను 1.99 లీటర్లకు కుదించి నిలద్రొక్కుకొనిరి. ధరపై ఒక శాతము రుసుముతో 2016 ఆగస్టున ఆ నిషేధము తొలగెను. 2020 ఏప్రిలునుండి అమలైన బీఎస్-6 కాలుష్య నియమముల వలన డీజిలు కార్ల పొగగొట్టమునకు మసిని పట్టు వడపోత తప్పనిసరి యైనది. పట్టిన మసి కాలి బూడిదయగుటకు సుమారు 600 డిగ్రీల వేడి కావలెను. పిల్లలను బడిలో దింపి, కూరగాయలు తెచ్చి, మూడునాలుగు కిలోమీటర్లలో ముగియు తిరుగుళ్లలో ఆ వేడి పుట్టదు. మసి పేరుకొని హెచ్చరిక దీపము వెలుగును. అప్పుడు బండిని రహదారికి తోలుకొనిపోయి కొంతసేపు నిలకడయైన వేగముతో నడుపక తప్పదు. కావున నగరవీధులే గతియైన కుటుంబమునకు పెట్రోలునే నేను సూచింతును. నెలనెలా నిండుబండితో హైదరాబాదునుండి విశాఖకు పోయివచ్చువారు మాత్రము నిస్సంశయముగా డీజిలునే కొనవచ్చును.